ఎనభై డాల్టన్ల అనుమానం

మా సార్ పోయారని భిక్నూర్ ల్యాబ్ అటెండర్ ఫోన్ చేసి చెప్పినప్పుడు నేను నమ్మలేదు. ఎవరు చూశారు, ఏ ఆస్పత్రి, ఎన్ని గంటలకు అని అడిగాను. ఫోన్ పెట్టేసి ఇంకొకరిని అడిగాను. ఇద్దరూ ఒకే మాట చెప్పాక గాని కుర్చీలో కూలబడలేదు. ఒక్కసారి చూసినదాన్ని నమ్మకూడదని నేర్పింది ఆయనే.

2010లో ఎల్లారెడ్డి నుంచి భిక్నూర్ వెళ్లి ఆయన దగ్గర పరిశోధనకు చేరాను. నీళ్లందని వరి నారు వేళ్లలో ఏ ప్రోటీన్లకు ఫాస్ఫేట్ అంటుకుంటుందో కనిపెట్టడం నా పని. ప్రోటీన్లను ముక్కలు చేస్తే ఫాస్ఫేట్ ఉన్నవి ఎక్కడో ఒకటీ అరా. ఆ గుంపులో అవి ముక్కల బరువులు తేల్చే మాస్ స్పెక్ట్రోమీటర్‌కు కనపడవు. అందుకే ముందు టైటానియం డయాక్సైడ్ పూసల మీదుగా పోనిస్తాం. ఫాస్ఫేట్ ముక్కలు పూసలను పట్టుకుంటాయి, మిగతావి కారిపోతాయి. పట్టుకున్నవాటిని తర్వాత అమ్మోనియా నీళ్లతో విడిపిస్తాం.

సార్ దేన్నీ నమ్మేవారు కాదు. కొత్త సీసా తెరిచినా లేబుల్‌ను పక్కనపెట్టి పీహెచ్ కాగితం ముంచేవారు. కామారెడ్డి స్టేషన్‌లో బోర్డు మీద రైలు టైము చూసి కూడా కిటికీ దగ్గర మళ్లీ అడిగేవారు. మేం చాటుగా నవ్వుకునేవాళ్లం.

రెండేళ్ల తర్వాత హైదరాబాద్‌లోని ఆ యంత్రం నుంచి వచ్చిన కాగితంలో పన్నెండు పీక్‌లు లేచాయి, ఒక్కో శిఖరం ఒక్కో ఫాస్ఫేట్ ముక్క అని నా లెక్క. నా థీసిస్ పూర్తయినట్టే అనుకున్నాను. సార్ మాత్రం ఆ కాగితంతో సహా నా నోట్‌బుక్‌ను కామారెడ్డిలోని తన ఇంటికి పట్టుకుపోయారు. వారమైనా తిరిగివ్వలేదు. ఆ వారంలోనే వేరే ల్యాబ్ ఆయన ఒకరు వచ్చి, తలుపు వేసుకుని సార్‌తో గంటసేపు మాట్లాడి వెళ్లారు. నా పని చేతులు మారుతోందని గట్టిగా అనిపించింది. పై అధికారికి ఫిర్యాదు రాసి సంచిలో పెట్టుకున్నాను. ఇచ్చే ముందు ఒకసారి ఆయన్నే అడుగుదామని ఇంటికి వెళ్లాను.

సార్ స్కేలు పట్టుకుని నా పీక్‌ల మధ్య దూరాలు కొలుస్తున్నారు.

"నా పని ఎవరికి జూపెడుతున్నరు సార్?" అన్నాను.

ఆయనకు కోపం రాలేదు. ఆ వచ్చినాయన్ను ఒక ఎంజైమ్ అడిగానని, మనం తెప్పించుకుంటే నెలలు పడుతుందని, అదిప్పుడు ల్యాబ్ ఫ్రిజ్‌లో ఉందని చెప్పారు. ఫాస్ఫేట్‌ను ఊడగొట్టే ఎంజైమ్ అది. ముక్కకు నిజంగా ఫాస్ఫేట్ ఉంటే, ఊడాక దాని బరువు, అణువులను తూచే కొలతలో, ఎనభై డాల్టన్లు తగ్గాలి. తగ్గలేదంటే ఫాస్ఫేట్ లేనట్టే.

"నీకు ముందుగాల చెప్పకపోవుడు నా తప్పే," అన్నారు. "నన్ను అనుమానించినవ్, మంచిదే. నీ పీక్‌లను గూడ గట్లనే అనుమానించు బిడ్డా."

ఎంజైమ్ కలిపి మళ్లీ యంత్రంలో పెట్టిస్తే పన్నెండింటిలో మూడే ఎనభై కిందికి కదిలాయి. మిగతా తొమ్మిదీ ఆమ్లగుణం వల్ల పూసలకు అంటుకున్న మామూలు ముక్కలు. తొందరపడి ఉంటే తొమ్మిది అబద్ధాలు నా పేరుతో అచ్చయ్యేవి. ఆ మూడింటి మీదే తర్వాత నా థీసిస్ నిలబడింది. ఫిర్యాదు చింపేశాను. దాని సంగతి ఆయనకు చెప్పలేదు. ఆయనకు తెలియదని మాత్రం ఇప్పటికీ అనలేను.

ముక్కలను పూసల మీద పోసే ద్రావణంలో లాక్టిక్ ఆసిడ్ కలిపి, దొంగ ముక్కలు అంటుకోకుండా చేసి, పని మళ్లీ మొదలుపెట్టాం. ఆ నమూనాలను సార్ తానే హైదరాబాద్ తీసుకెళ్లారు. ఐసు నింపిన థర్మకోల్ డబ్బాను ఒడిలో పెట్టుకుని బస్సులో కిటికీ పక్కన కూర్చున్నారు. పైన పెట్టమని కండక్టర్ రెండుసార్లు చెప్పినా వినలేదు. అప్పటికే ఒక మూల నుంచి నీళ్లు కారి ప్యాంటు తడుస్తోంది. బస్సు కదిలింది. నేను కింద నిలబడి చెయ్యి ఊపాను. ఆయన ఊపలేదు. రెండు చేతులూ డబ్బా మూత మీదే ఉన్నాయి.