తాతయ్య జీపు కూర్చుంది

మా తాతయ్య జీపు వేసుకుని బయల్దేరితే బురదలో దిగబడకుండా ఇంటికి రాడు. వాన పడ్డా అంతే, పడకపోయినా అంతే. నేల నెర్రెలిచ్చిన ఎండల్లో కూడా ఎక్కడో పైపు పగిలి చాపంత బురద ఉంటే, దాన్ని వెతుక్కుంటూ వెళ్లి అందులో దిగబడి వస్తాడు.

దిగబడ్డామని మాత్రం చచ్చినా ఒప్పుకోడు.

"కూర్చుంది," అంటాడు.

"ఇరుసు దాకా మునిగితే కూర్చోవడమేంటి తాతయ్యా?"

"ముసలిదే. మీ అమ్మమ్మ కూర్చోదా? నిదానంగా లేస్తుంది."

ఈ పోలిక అమ్మమ్మ ముందు తెచ్చే ధైర్యం ఆయనకు లేదు. నాకుంది, తెచ్చాను. ఆ పూట తాతయ్యకు టీ అందలేదు.

చోద్యం ఏమిటంటే, ఈయన డ్రైవింగ్ నేర్పే మాస్టారు. మా ఊళ్లో స్టీరింగు పట్టినవాళ్లలో సగం మంది ఈయన చేత తిట్లు తిన్నవాళ్లే. ఐదేళ్ల కిందట తొమ్మిదో తరగతిలో లెక్కలకూ నాకూ పొసగక నేను బడి మానేస్తే, తన షెడ్డులో పెట్టుకున్నాడు. మొదటి రోజు చెప్పిన పాఠం ఒక్కటే. "బురద కనిపిస్తే ముందు ఈ చిన్న లివరు లాగు. నాలుగు చక్రాలూ పనిచేస్తాయి. దేవుడికి దండం తర్వాత పెట్టుకోవచ్చు."

సెలవు రోజున నాలుగైదు జీపులు కలిసి ఊరి బయటికి వెళ్తాం. పొలాల వెంట మట్టిదారులు, గుట్టలు, వాగులు. అందరికీ ముందు నడిచేది పళ్ల డాక్టరు గారు. ఆయన బండి ఎంత ఎత్తంటే, ఎక్కడానికి ఆయనే ఒక ముక్కాలిపీట మోసుకొస్తారు. ఆయన దగ్గర ఒక కథ ఉంది.

"నా మొదటి ట్రిప్పులో ఏమైందో చెప్పానా?" అంటారు టీ తాగేటప్పుడు.

"చెప్పారు," అంటాం అందరం.

"అప్పటికి నేను బురద చూసి బండి ఆపేశాను. చూద్దును కదా, నాకు నేర్పిన మాస్టారే బురదలో. తాడు కట్టి నేనే బయటికి లాగాను."

తాతయ్య ప్రతిసారీ కొత్తగా వింటున్నట్టు తలూపుతాడు.

తాతయ్యకు ఇంకో అలవాటు కూడా ఉంది. దిగబడే ముందు చెప్పులు విప్పి డాష్‌బోర్డు మీద పెడతాడు. ప్యాంటు మోకాళ్ల దాకా మడుస్తాడు. అప్పుడు దిగబడతాడు. వాన వచ్చేముందు కొందరికి మోకాళ్లు సలిపినట్టు, ఈయనకు బురద సంగతి ముందే ఒంటికి తెలుస్తుందని అనుకునేదాన్ని. అమ్మమ్మ మాత్రం ఆ ప్యాంట్లు ఉతుకుతూ, "ఇంత శుభ్రంగా దిగబడే మనిషిని నేనెక్కడా చూళ్లేదు," అనేది. అది మెచ్చుకోలనుకున్నాను.

మొన్న వానల్లో డాక్టరు గారికి ఓపిక అయిపోయింది. ఆ వారం మమ్మల్ని లాగబోయి తాడు తెగి, ఆయన వెళ్లి తన ముక్కాలిపీట మీద పడ్డారు.

"పెద్దాయనా, అందరం అనుకున్నాం. ఇంకొక్కసారి దిగబడితే స్టీరింగు మీ మనవరాలికి. మీరు పక్క సీట్లోకి."

"అలాగే," అని నవ్వాడు తాతయ్య. ఇంటికొచ్చాక మాత్రం స్టీరింగును గుడ్డతో తుడుస్తూ చాలాసేపు కూర్చున్నాడు. మరి జన్మంతా పక్క సీట్లో కూర్చుని, ఇంకొకళ్లు నడుపుతుంటే బ్రేకు తొక్కిన మనిషి. స్టీరింగు తన చేతికొచ్చేది సెలవు రోజునే.

"ఈసారి దిగబడకు తాతయ్యా," అన్నాను.

"నేనెప్పుడు దిగబడ్డాను?" అన్నాడు.

ఆ తర్వాతి ప్రయాణానికి కొత్తగా లైబ్రరీ ఆవిడ వచ్చింది. తాతయ్య దగ్గరే నేర్చుకుంది. మాట కూడా లైబ్రరీలో ఉన్నట్టే గుసగుసగా ఉంటుంది. ఎవరో వాడేసిన ఆకుపచ్చ జీపు ఇష్టపడి కొనుక్కుంది. పక్కన ఆవిడ భర్త.

"ఇవాళ ఎక్కడైనా దిగబడిందా, రేపే అమ్మకానికి పెట్టేస్తాం," అన్నాడాయన టీ దగ్గర, అందరికీ వినబడేలా. "ఒప్పుకునే వచ్చింది."

ఆవిడ కప్పులోకే చూస్తూ ఉండిపోయింది. డాక్టరు గారు తన కథ మొదలుపెట్టారు.

చెరువు వెనక మలుపులో బురద ఎదురైంది. డాక్టరు గారు దాటేశారు, ఆయన వెనక బండీ దాటేసింది. వాళ్ల చక్రాలకు అక్కడి నేల పిండి కలిపినట్టయింది. తర్వాత ఆవిడ, చివరన మేము. ఆకుపచ్చ జీపు అంచుదాకా వెళ్లి ఆగింది. ముందుకు ఒక మూర, వెనక్కు ఒక మూర. ఇంజను మాత్రం గోల పెడుతోంది.

"వెళ్తావా, ఫోటో తీసి అమ్మకానికి పెట్టెయ్యనా?" అని ఆయన గొంతు వినబడింది.

తాతయ్య చెప్పులు విప్పాడు.

"తాతయ్యా, వద్దు," అన్నాను.

ఆయన ప్యాంటు మడిచాడు. హారను కొట్టి, ఆకుపచ్చ జీపును పక్కనుంచి దాటుకుని, పెళ్లికి ఆలస్యమైనవాడిలా తిన్నగా నడిబురదలోకి పోనిచ్చాడు. జీపు ఓసారి మూలిగి ఆగిపోయింది.

"కూర్చుంది," అన్నాడు.

అవతలి గట్టు మీద డాక్టరు గారు రెండు చేతులూ నెత్తిన పెట్టుకున్నారు. తాతయ్య కిటికీలోంచి తల బయటపెట్టి, "అమ్మా, ఇటువైపు ఉన్నది నీ బండొక్కటే. కాస్త లాగుతావా? చిన్న లివరు వెయ్యి. మెల్లగా," అన్నాడు.

లైబ్రరీ ఆవిడ తాడు కట్టించింది. గట్టినేల మీద నిలబడి, లివరు వేసి, మెల్లగా వెనక్కు లాగింది. ముసలి జీపు లేచి వచ్చింది. అవతల అందరూ చప్పట్లు కొట్టారు. ఆవిడ భర్త ఫోటో తీశాడు, అమ్మకానికి మాత్రం కాదు. "మాస్టారినే లాగిందండీ మా ఆవిడ," అని ఫోనులో ఎవరికో అప్పుడే చెబుతున్నాడు. పక్కన ఆవిడ, "గట్టిగా చెప్పండి," అంది గట్టిగానే.

అప్పుడు చూశాను, మా చిన్న లివరు. అసలు లాగనే లేదు.

"ఇది వెయ్యలేదేంటి?"

"మర్చిపోయాను."

"మర్చిపోయినవాడివి చెప్పులెందుకు విప్పావు?"

తాతయ్య పాదాలకంటిన బురద చాలా శ్రద్ధగా తుడుచుకున్నాడు. "కొత్త చెప్పులే," అన్నాడు.

నాకు లెక్కలు రావు గానీ ఆ లెక్క మాత్రం తేలిపోయింది. "అయితే డాక్టరు గారి మొదటి ట్రిప్పు..."

"ఆయనకు చెప్పకు. పాపం ఆయన దగ్గర ఉన్నది ఆ ఒక్క కథే."

అన్నమాట ప్రకారం డాక్టరు గారు స్టీరింగు నాకిప్పించారు. తాతయ్య పక్క సీట్లోకి మారాడు. తరువాతి ప్రయాణమంతా లేని బ్రేకును కాలితో తొక్కుతూనే ఉన్నాడు.

ఆ రోజు మా ముందు బండి ఫోటో స్టూడియో అతనిది. అతనికి అదే మొదటిసారి. వాగు దగ్గర రొచ్చు చూసి ఆగిపోయాడు. వెనక సీట్లోంచి పిల్లలు, "నాన్నా, నీకు రాదా?" అంటున్నారు.

తాతయ్య కిటికీలోంచి మబ్బులు చూస్తూ చెప్పులు విప్పి డాష్‌బోర్డు మీద పెట్టాడు.

"స్టీరింగు ఇప్పుడు నాది. దిగబడితే చెడ్డపేరు నాకొస్తుంది," అన్నాను.

"వస్తుంది," అన్నాడు.

"మళ్లీ స్టీరింగు నీకిచ్చేస్తారు."

"ఆ ప్రమాదం కూడా ఉంది," అన్నాడు మబ్బుల్లోకే చూస్తూ.

చిన్న లివరు మీద నుంచి చెయ్యి తీసేశాను. నా బూట్ల లేసులు విప్పడానికి కొంచెం టైం పట్టింది. హారను కొట్టి ముందుకు పోనిచ్చాను.

మర్నాడు బజారుకెళ్లి లేసుల్లేని చెప్పులు కొనుక్కున్నాను.