స్టాంపు పడని చీటీ

నందిగామలో మా ఎక్స్‌రే గది బల్ల సొరుగులో ఒక స్టాంపు ప్యాడ్ ఉంది. ఆరిపోకుండా వారానికోసారి దాని మీద నాలుగు చుక్కల ఊదారంగు సిరా పోస్తాను. మూత తీయగానే వచ్చే ఆ ఘాటు వాసన ముక్కుకు తగిలితే చాలు, మస్తాన్ గారు నా వెనక నిలబడి గొంతు సవరించుకుంటున్నట్టే ఉంటుంది. నిన్న అలా పోస్తుంటే, మా దగ్గర శిక్షణకు వచ్చిన డిప్లొమా అమ్మాయి చూసి, "చీటీలన్నీ కంప్యూటర్లోనే వస్తున్నాయి కదా మేడం, ఇంకా ఈ స్టాంపు ఎందుకండీ?" అని అడిగింది. ఒకప్పుడు నేనూ ఇలాగే అడిగాను. దానికి జవాబు ఒక్క మాటలో తేలేది కాదు. చెప్పాలంటే ముందు ఆయన గురించి చెప్పాలి.

మస్తాన్ గారు జగ్గయ్యపేటలో ఒక చిన్న ప్రైవేటు ఆసుపత్రిలో ఎక్స్‌రే టెక్నీషియన్. సన్నగా, పొడుగ్గా ఉండేవారు. ఎవరిని తాకబోయినా "ఇప్పుడు భుజం పట్టుకుంటానండి" అని ముందు చెప్పి, ఆ తరువాతే చెయ్యి వేసేవారు. చలికాలంలో ఎక్స్‌రే ప్లేటును గుడ్డతో రుద్ది, చల్లదనం తగ్గాకే వాళ్ళ ఛాతీకి ఆనించేవారు. చిల్లకల్లు నుంచి బస్సులో వచ్చి నేను ఆయన దగ్గర శిక్షణకు చేరేనాటికి, కాలేజీలో ఫస్టు మార్కులు నావే. కళ్ళు నెత్తి మీదే ఉండేవి. వారం రోజులు నన్ను గమనించి ఆయన ఒకే మాట అన్నారు. "మిషనుతో బాగానే మాట్లాడుతున్నావమ్మా సునీతా. ఇహ మనుషులతో మాట్లాడటం చూద్దాం." నాకు ఒళ్ళు మండింది.

ఆ మంట ఎన్నాళ్ళో నిలవలేదు. ముక్త్యాల నుంచి ఒక పెద్దాయన ఛాతీ ఎక్స్‌రేకి వచ్చాడు. "గాలి పీల్చి బిగపట్టండి" అన్నాను. ఆయన పీల్చాడు, వెంటనే వదిలేశాడు. ఫిల్ము మసకగా వచ్చింది. రెండోసారి గొంతు పెంచి అరిచాను. ఆయన బెదిరిపోయి ఊపిరి మరింత వేగంగా తీయడం మొదలుపెట్టాడు. మస్తాన్ గారు నన్ను పక్కకు జరిపి అడిగారు. "పెద్దాయనా, మీ ఊళ్ళో సిమెంటు లారీ పక్కనుంచి పోతుంటే ఏం చేస్తారు?"

"ఏం చేస్తామండీ, దుమ్ము పోయేదాకా ఊపిరి బిగబడతాం."

"అంతే. అదుగో, లారీ వస్తోంది. నిండా పీల్చుకోండి. వచ్చేసింది, ఆపండి... ఆ, పోయింది. వదిలెయ్యండి." ఫిల్ము అద్దంలా వచ్చింది. పెద్దాయన వెళ్ళాక ఆయన, "మనకు చెప్పడం చేతకాకపోతే, రెండోసారి కిరణాలు పడేది వాళ్ళ ఒంటి మీదమ్మా" అన్నారు. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను.

ఇక స్టాంపు సంగతి. తోడు వచ్చినవాళ్ళలో కొందరిని మాత్రం ఆయన, "చీటీకి స్టాంపు పడలేదండి, కౌంటర్లో వేయించుకు రండి" అని పంపేవారు. అందరినీ పంపేవారు కాదు. ఎందుకని అడిగితే "రూలమ్మా" అనేవారు. ఆ రూలు ఏ పుస్తకంలోనూ లేదని నాకు తెలుసు. మస్తాన్ గారి చాదస్తం అనుకుని ఊరుకున్నాను.

ఒకరోజు ఒక అత్తా కోడలూ వచ్చారు. కళ్ళంలో మిరపకాయల బస్తా ఎత్తుతుంటే కోడలికి నడుం పట్టేసిందట. డాక్టరుగారు నడుముకి ఎక్స్‌రే రాశారు. మస్తాన్ గారు ఫిల్ములు కడుగుతూ డార్క్‌రూములో ఉన్నారు. పుస్తకంలో ఉన్న ప్రశ్నే కదా అని, అత్తగారి ఎదుటే "నెల తప్పిందా అమ్మా?" అని గట్టిగా అడిగాను. ఆ పిల్ల అత్తగారి వైపు చూసి "లేదండి" అంది. "మాకంత అదృష్టం కూడానా తల్లీ" అని అత్తగారు నిట్టూర్చింది. బల్ల మీద పడుకోబెట్టి, అంతా సరిచూసి స్విచ్చు దగ్గరికి వెళ్ళాను. అప్పుడే మస్తాన్ గారు బయటికి వచ్చారు. ఆ పిల్ల ముఖం ఒక్క క్షణం చూశారు.

"పెద్దమ్మా, చీటీకి స్టాంపు పడలేదండి. కాస్త వేయించుకు రండి." అత్తగారు వెళ్ళింది. ఆయన నా వైపు తిరిగి, "నేనూ బయటే ఉంటా, తలుపేసుకో. మళ్ళీ అడుగు. ఈసారి పక్కన కూర్చుని అడుగు" అన్నారు.

కూర్చుని మెల్లగా అడిగాను. ఆ పిల్ల నా చెయ్యి పట్టుకుని భోరుమంది. "రెండు నెలలైందండి. ఇదివరకు రెండుసార్లు నిలవలేదు. మూడో నెల నిండేదాకా ఎవరికీ చెప్పకూడదనుకున్నా. చెబితే ఇదీ పోతుందేమోనని భయమండి."

పరుగున వెళ్ళి డాక్టరుగారికి చెప్పాను. డాక్టరుగారు ఎక్స్‌రే ఆపించి, లేడీ డాక్టరుకి చూపించి వెళ్ళమన్నారు. "ముందు విశ్రాంతి తీసుకోమన్నారండి, ఇప్పుడు ఫోటో వద్దన్నారు" అని మస్తాన్ గారు అత్తగారికి చెప్పారు. "మరి స్టాంపు కూడా వేయించానుగా!" అని ఆవిడ గొణుక్కుంది. "ఆమే లేదంది కదా సార్" అని నేను ఏడుపు గొంతుతో సమర్థించుకోబోయాను. "అబద్ధం ఆమె చెప్పలేదమ్మా, నువ్వు చెప్పించావు" అన్నారాయన. తరువాత కౌంటరు నుంచి స్టాంపు తెప్పించి చూపించారు. రబ్బరు మీద అక్షరాలన్నీ అరిగిపోయాయి, గుండ్రటి ఊదా మచ్చ తప్ప ఏమీ పడదు. అది ఎప్పటిదో ఆయనకే గుర్తులేదు. సిరా ఆరేదాకా కూర్చోండి అంటూ తోడువాళ్ళను కాసేపు ఆపడం కౌంటరు గుమాస్తా వంతు.

ఆ ఏడాదే మా అమ్మకు దగ్గు పట్టుకుంటే ఆయన దగ్గరికే తీసుకెళ్ళాను. నా శిక్షణ పూర్తి కావస్తోంది, నాకు అంతా తెలుసన్న ధీమా మళ్ళీ వచ్చింది. ఆయన అడిగిన ప్రతిదానికీ అమ్మ నా ముఖం వైపు చూసేది, జవాబు నేను చెప్పేదాన్ని. "వారం నుంచి సార్. పత్తి దుమ్ము పడదు సార్. ఇంకేం లేదు సార్." ఆయన గొంతు సవరించుకున్నారు.

"చీటీకి స్టాంపు పడలేదమ్మా."

నవ్వాను. ఆయన నవ్వలేదు. "నాకేంటి సార్?" అన్నాను.

"ఇవాళ నువ్వు తోడొచ్చినదానివి. వెళ్ళి వేయించుకురా."

చెంప మీద కొట్టినట్టయింది. మా అమ్మకు నా దగ్గర దాపరికమా! అయినా వెళ్ళాను. నాతో రోజూ వేళాకోళాలాడే గుమాస్తా ఆ రోజు నవ్వలేదు. స్టాంపు వేసి, "కూర్చోండమ్మా, ఆరాలి" అన్నాడు. కూర్చున్నాను. తిరిగి వచ్చేసరికి గది తలుపు వేసి ఉంది. మస్తాన్ గారు బయట చేతులు కట్టుకుని నిలబడ్డారు. లోపల అమ్మ దగ్గర నర్సు మరియమ్మ సిస్టర్ ఉంది.

"ఏం చెబుతోంది సార్ మా అమ్మ?"

"నాకేం తెలుసమ్మా? నేనూ బయటే ఉన్నాగా."

సిస్టర్ బయటికి వచ్చి అమ్మను తిన్నగా లేడీ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. రొమ్ములో గడ్డ. ఎన్నో నెలలుగా ఉందట. ఆ స్టాంపే లేకపోతే ఫోటో తీయించి, దగ్గు మందు రాయించుకుని ఇద్దరం ఇంటికి వెళ్ళిపోయేవాళ్ళం. విజయవాడలో ఆపరేషన్, ఆ తరువాత సుదీర్ఘమైన వైద్యం. వేళకు వచ్చారన్నారు అక్కడి డాక్టర్లు. కృతజ్ఞత కంటే ముందు నాకు కలిగింది కోపం. పక్కనే ఉన్న కూతురికి చెప్పనిది ముక్కూమొహం తెలియనివాళ్ళకు చెప్పిందే అని రోజుల తరబడి కుమిలిపోయాను. ఎందుకు దాచావని అడగడానికి రెండుసార్లు నోటిదాకా వచ్చింది. మస్తాన్ గారు ఆ తలుపు బయట నిలబడిన తీరు గుర్తొచ్చి మింగేశాను.

పని మానేసిన రోజు ఆయన ఆ స్టాంపునూ ప్యాడ్‌నూ కాగితంలో చుట్టి నా చేతిలో పెట్టారు. "ఎవరిని పంపాలో నీకు తెలుసు" అన్నారు, అంతే. ఇప్పుడాయన లేరు.

ఇవాళ పొద్దున గరికపాడు నుంచి ఒక లారీ డ్రైవరు భార్యను తీసుకొచ్చాడు. ఆమె మణికట్టు వాచి ఉంది. ఆమెను ఏది అడిగినా అతనే చెబుతున్నాడు. "చీటీకి స్టాంపు పడలేదు బాబూ, కౌంటర్లో వేయించుకురా" అని నా సొరుగులోని స్టాంపూ ప్యాడూ మా ఆయాకిచ్చి అతనితో పంపాను. డిప్లొమా అమ్మాయి నా వైపు చూసింది. "నువ్వు లోపల ఆమె పక్కన కూర్చో. నేను బయట ఉంటా" అని తలుపు దగ్గరగా వేశాను. నిన్నటి ప్రశ్నకు జవాబు ఆ అమ్మాయికి దొరికే ఉంటుంది.

సొరుగులో ప్యాడ్ కింద మా అమ్మ చీటీ ఉంటుంది, దాని మీద ఊదా మచ్చ. ఆ రోజు ఆ గదిలో అమ్మ ఏం చెప్పుకుందో నాకు ఇప్పటికీ తెలియదు. ఇవాళ పొద్దున్నే నేను బస్సెక్కబోతుంటే అమ్మ, "క్యారేజీ మర్చిపోయావే!" అని కేకేస్తూ రోడ్డుదాకా పరుగెత్తుకొచ్చింది.