కానుగాకు కలిపిన గంజి

నకిరేకల్ పక్క పల్లెలో గొంగళ్ళు నేసే కురుమయ్యకు ఈర్ష్య పుట్టుకతో వచ్చింది. పక్కింటి మేక కవలలను ఈనినా ఆ పూట ఆయనకు బువ్వ సహించదు. అయినా బావమరిది ఐలేశం మీద ఉన్నంత కడుపుమంట ఇంకెవరి మీదా లేదు. వాడిని మగ్గం ముందు కూర్చోబెట్టి పని నేర్పిందే తను. అలాంటిది, 1962లో యూనివర్సిటీ జీపు తన వాకిలి దాటిపోయి వాడి గడప ముందు ఆగింది.

జీపులో వచ్చింది రఘుపతి, హైదరాబాదులో కెమిస్ట్రీ చెప్పే సారు. గొంగడి పడుగు, అంటే నిలువు పోగులు, గట్టిపడాలని దానికి చింతగింజల గంజి పూస్తారు. వానాకాలంలో ఆ గంజి రెండో రోజుకే బూజు పట్టి కంపు కొడుతుంది. ఐలేశం కాచిన గంజి మాత్రం వారమైనా చెడదు. రెండేళ్ళు నానా ఆకులూ ఉడికించి చూసి, కానుగాకు కషాయం కలిపితే నిలుస్తుందని పట్టుకున్నాడు వాడు. పట్నంలో ఒక బట్టల మిల్లుకు అలాంటి గంజే కావాలట. సారు దాన్ని సీసాల్లో పట్టుకుపోయి, ఏడాదిపాటు పరీక్షలు చేసి, పేటెంటుకు కాగితాలు తయారుచేశాడు. ఫలానావాళ్ళు కనిపెట్టారని సర్కారు రాసిచ్చే హక్కు అది.

ఆ ఏడాదంతా కురుమయ్యకు తిండి ఒంటబట్టలేదు. భార్య బక్కమ్మ తమ్ముడి పేరు మురిపెంగా ఎత్తిన ప్రతిసారీ కంచం ముందు నుంచి లేచిపోయాడు. ఆ తెలివి తనకు తట్టలేదన్న బాధకంటే వాడికి తట్టిందన్న బాధే ఎక్కువ.

దరఖాస్తు పంపే ముందు సారు మళ్ళీ వచ్చి, కులపెద్దలందరినీ కూర్చోబెట్టి ఒకే మాట అడిగాడు. గంజిలో కానుగాకు కలపడం ఇంతకుముందు ఎవరైనా చేశారా అని. ఎవరూ నోరు మెదపకముందే కురుమయ్య లేచాడు. ఆ ఊళ్ళో ఒకడి గొప్పను తగ్గించాలంటే అది తాతలనాటిదంటే చాలు, ఇక దాన్ని ఎవడూ తనదని చెప్పుకోలేడు.

“ఐలేశం గిండ్ల కనిపెట్టింది ఏమున్నది సారూ? మా తాత కలిపిండు, మా అవ్వ కలిపింది. బీరప్ప మీద ఒట్టు.”

సారు మొహం వాడిపోయింది. పాత పద్ధతికి పేటెంటు రాదనీ, ఇక మిల్లువాళ్ళు ఎవరి పేరూ చెప్పకుండానే వాడుకుంటారనీ అన్నాడు. కురుమయ్య కడుపు చల్లబడింది.

కాగితాలు మడుస్తూ సారు, కనిపెట్టినవాళ్ళ పేర్లు పైకి చదివాడు. ఐలేశం, కురుమయ్య.

“నీ పేరు ఐలేశమే రాయించిండు. మా బావ పని నేర్పకుంటే నాకు గంజి ముచ్చటే తెల్వకపోవు అన్నడు,” అన్నాడు సారు కురుమయ్యతో.

తర్వాత ఐలేశం వైపు తిరిగి, మీ బావ చెప్పింది నిజమేనా అని అడిగాడు. తను చెప్పింది అబద్ధమని కురుమయ్య ఒప్పుకుంటే ఇప్పటికీ మించిపోయింది లేదు. కానీ పదిమందిలో కులదేవుడు బీరప్ప మీద పెట్టిన ఒట్టును ఏ మొహంతో వెనక్కి తీసుకోవడం?

ఐలేశం బావ మొహం చూశాడు. ఆయన తన ఒట్టులో తనే ఇరుక్కున్నాడని అర్థమైంది.

“నిజమే సారూ. మా బావ పెద్దోడు, ఆయనకు ఎరికుంటది.”

జీపు వెళ్ళిపోయింది. వాడి పేరుతోపాటు తన పేరూ పోయిందని కురుమయ్య ఏడవలేదు. అంత పోగొట్టుకుని కూడా తన పరువు కాపాడే మనసు వాడికుంది, తనకు లేదు. ఇల్లు చేరేదాకా దానికే కుళ్ళుకున్నాడు.