ముల్లు తెలియని వేళ్ళు

మా అత్త నా వేలి మీద తుమ్మముల్లు గుచ్చిన రోజు నేను నవ్వాను. "ఏందత్తా, ఇంకా గుచ్చలేదా?" అన్నాను. ఆ మాటే నా కొంప ముంచింది.

అంతకుముందే ఆమె ఒకటి చూసి ఉంది. పొయ్యి మీద ఉడుకుతున్న సంగటి కుండను నేను మసిగుడ్డ లేకుండా దించాను. వేలు కమిలిపోయినా నాకు పట్టలేదు. అత్తవాళ్ళవి తరతరాలుగా గొర్రెలు కాసే చేతులు. గొర్రె కాలు చచ్చుబడిందేమోనని అనుమానం వస్తే ముల్లుతో గుచ్చి చూస్తారు. వెనక్కి లాక్కుంటే బతికిన కాలు, లేకుంటే లేదు. కోడలి వేలికీ అదే పరీక్ష పెట్టింది.

"మా అన్నకూ ఇట్లనే మొదలైంది," అంది అత్త. "ముందు వేళ్ళకు తెలవకుండా పోయింది. తర్వాత వేళ్ళే పోయినాయి."

పెద్దరోగమనో కుష్టనో ఆమె నోట రాలేదు. రానక్కర్లేదు. నా చంకలోని పసిబిడ్డను లాక్కుని ఇంట్లోకి పోయింది.

మా అత్తగారి ఊరు పెద్దారవీడు పక్కన, నల్లమల అంచున. నా మొగుడు మందను తోలుకుని అడవిలోకి మేతకు పోయి ఉన్నాడు, వానలు పడేదాకా రాడు. ఉంటే మాత్రం అడ్డుపడేవాడా అంటే నాకు నమ్మకం లేదు. తల్లి గీసిన గీత దాటే మనిషి కాదు. నన్ను దొడ్డి మూలనున్న గుడిసెలో ఉంచి బయటనుంచి తడిక బిగించారు. అత్త వాళ్ళన్న చివరి రోజులు గడిపింది అందులోనే. ఆయన పోయాక గొర్రెపిల్లలను కూడా అందులో కట్టలేదట. నన్ను మాత్రం కట్టారు.

నిజానికి నా వేళ్ళ సంగతి మార్కాపురంలో ఎవరిని అడిగినా చెప్పేవాళ్ళు. నేను పుట్టి పెరిగింది అక్కడే. కరువులో గొర్రెలన్నీ పోతే నాయన పలకల గనిలో చేరాడు. మగవాళ్ళు రాయి చీలిస్తే, ఆడవాళ్ళం ఆ పలకలను నీళ్ళు చల్లుకుంటూ ఇసుకరాతితో రుద్దేవాళ్ళం. మద్రాసు దాకా పిల్లలు అక్షరాలు దిద్దుకునే పలకలవి. రాయి నున్నబడేకొద్దీ మా వేళ్ళు మొద్దుబారేవి. పలక నునుపు చూడాలంటే మాలో ఎవరూ వేలితో తడమరు, మణికట్టు లోపలివైపు ఆనించి చూస్తారు. మా వీధిలో కుండ దించడానికి మసిగుడ్డ వెతుక్కునే ఆడదాన్ని చూసి నవ్వుతారు కూడా.

ఇదంతా అత్తకు చెప్పాను. తడిక సందులోంచి అరిచి మరీ చెప్పాను. "రోగం దాచిపెట్టి పెండ్లి చేసినారు," అని ఒకే మాట అంది. ఇంట్లోకి పోయి తలుపేసుకుంది. గొంతు పోయేదాకా అరిచి, ఇక చేసేది లేక కూర్చున్నాను. కూడు తడిక కిందనుంచి లోపలికి తోసేది. నా ముఖం చూసేది కాదు.

బిడ్డ ఇంట్లో ఏడ్చేది. దొడ్డి అవతలనుంచి ఆ ఏడుపు చెవిన పడీ పడగానే నా రొమ్ములు బరువెక్కి రవిక తడిసిపోయేది. నేను అయ్యో అనుకోకముందే, లేచి నిలబడకముందే. చెవిని తాకింది గాలిలో వచ్చిన ఒక చిన్న అదురు, అంతే కదా. అది పాలుగా ఎట్లా మారిందని ఇప్పుడు తీరిగ్గా ఆశ్చర్యపోతాను గానీ, అప్పుడు ఆ తడికను పళ్ళతో కొరికెయ్యాలనిపించేది. బిడ్డకు ఉగ్గుగిన్నెతో మేకపాలు పట్టేవాళ్ళు. నా పాలు నేను పిండి మట్టిలో పోసేదాన్ని. మందతో అడవికి తోలకుండా ఇంటి దగ్గరే ఉంచిన ఈనిన గొర్రెలు సాయంత్రం మేసి వచ్చి అరిస్తే వాటి పిల్లలు పరుగెత్తుకుంటూ పోయి పొదుగు పట్టుకునేవి. సందులోంచి అది చూడలేక గోడవైపు తిరిగి పడుకునేదాన్ని.

నెలలు గడిచేకొద్దీ నా మీద నాకే నమ్మకం పోయింది. తడికలోని పుల్ల విరిచి వేళ్ళను గుచ్చుకునేదాన్ని. తెలిసిందా, తెలిసిందని అనుకున్నానా? ఎంతకూ తేలేది కాదు. రవిక తడవడం కూడా మెల్లగా తగ్గిపోయింది. పిండినా చుక్క రాని రోజున ఎంత ఏడ్చానో చెప్పలేను.

సంతలో ఎవరో చెబితే విని నాయన బండి కట్టుకుని వచ్చాడు. అత్తతో ఒక్క మాట తగువుపడలేదు. "మార్కాపురం ఆస్పత్రిలో చూపిస్తా. రోగమైతే నా కూతుర్ని నేనే పెట్టుకుంటా. కాకపోతే బిడ్డను తల్లికియ్యాల," అన్నాడు. అత్త సరేనంది. దారంతా నేను వెనక్కే చూస్తూ పోయాను.

ఆస్పత్రిలో ఉన్నది మద్రాసులో చదివి వచ్చిన డాక్టరమ్మ. నా కళ్ళకు గుడ్డ కట్టి, దూదితో ఎక్కడ ముట్టితే అక్కడ చూపించమంది. చెంప, మెడ, మోచెయ్యి, పాదం, అన్నీ చూపించాను. తర్వాత చాలాసేపు ఏమీ తెలియలేదు. వేళ్ళను ముడుతోందని అర్థమైంది. అబద్ధం చెబుదామన్నా, ఏ వేలో తెలియనిదాన్ని ఏమని చెప్పను? ఆమె సూది తీసుకుని వేలి కొసన మెల్లగా లోతుకు ఒత్తింది. ఉన్నట్టుండి చురుక్కుమంది. అమ్మా అన్నాను. అంత తియ్యని నొప్పి నేనెరగను.

తర్వాత మోచేతి ఎముక పక్కన నరాన్ని తడిమి, వేలితో టక్కున కొట్టింది.

"ఎక్కడ తెలిసింది?"

"చిటికెనవేలు జిల్లుమనింది."

"నేను చిటికెనవేలును ముట్టనే లేదు," అని నవ్వి కళ్ళగుడ్డ విప్పింది. "చర్మం కింద నరాల కొసలుంటాయమ్మా. ముట్టుకుంటే తెలిసేవి వేరు, వేడికి వేరు, గుచ్చితే తెలిసేవి వేరు. అవి లేచి తలకు కబురు పంపుతాయి. గిద్దలూరులో వాన పడుతోందని స్టేషనుకు తంతి వస్తే తీగలో నీళ్ళు రావు కదా, టకటకలే వస్తాయి. నరంలో పోయేదీ అట్లాంటిదే. ఏ నరంలో వచ్చిందో దాన్నిబట్టి ఇది చిటికెనవేలు అని తల అనుకుంటుంది. మధ్య దారిలో కొట్టినా అదే అనుకుంటుంది. ఆ రోగం చంపేది నరాలనే. నీ నరాలు నిక్షేపంగా ఉన్నాయి. పైన తోలే మందం."

నా మొద్దు తోలు కింద ఇంత సంసారం నడుస్తోందని నాకు తెలియదు. ఆమె కాళ్ళు పట్టుకోబోతే కసిరింది.

తిరిగి వచ్చేసరికి అత్త దొడ్డి వాకిట్లో నిలబడి ఉంది. నాయన అంతా చెప్పాడు. తంతి కథ ఆమెకు ఎక్కలేదు. "ఆయమ్మ చెప్తే అయిపోయిందా? మా అన్నకూ ఏం లేదన్నోళ్ళున్నారు," అంది.

నాకు ఒళ్ళు మండింది. మోచెయ్యి మడిచి ఆమె ముందు పెట్టాను. "ముల్లు పెట్టి చూసినావు కదా. ఈడ కొట్టి చూడు. నన్ను ముట్టే పన్లేదు, కట్టెతోనే కొట్టు."

అత్త గొర్రెల కట్టె తీసుకుంది. తిక్కలో కొట్టిందో, భయంతో కొట్టిందో, సరిగ్గా నరం మీదే పడింది. కెవ్వుమని అరిచి చెయ్యి వెనక్కి లాక్కున్నాను, వేళ్ళు నాకు తెలియకుండానే విదిలించుకున్నాయి. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అత్త నా వేళ్ళ వంకే చూస్తూ నిలబడింది. కట్టె కింద పడేసి, కొంగు నోట్లో కుక్కుకుని లోపలికి పోయింది. వచ్చేటప్పుడు చంకలో బిడ్డ ఉంది.

అరుగు మీద కూర్చుని బిడ్డను ఒళ్ళోకి తీసుకున్నాను. రొమ్ము నోటికి అందించాను. కొంచెంసేపు లాగి, ఏమీ రాక, ముఖం తిప్పుకుని గుక్కపట్టి ఏడ్చింది. చెవి పక్కనే ఏడ్చింది. రవిక తడవలేదు. గుండెల మీద కొట్టుకున్నాను, ఒత్తుకున్నాను, ఇంకో రొమ్ము పట్టాను. ఏమీ లేదు.

అత్త మేకపాలు తెచ్చి నా పక్కన కూర్చుంది. అన్ని నెలల తర్వాత మొదటిసారి నా చెయ్యి పట్టుకుంది. బిడ్డ తలను నా మోచేతి మీదికి సర్ది, ఉగ్గుగిన్నె నా వేళ్ళ మధ్య పెట్టింది. "ఇట్ల వంచితే పొలమారతది. ఇదిగో, పక్కనుంచి పొయ్యాల," అంది. నా బిడ్డ పాలెట్లా తాగుతుందో ఆ సాయంత్రం మా అత్త నాకు నేర్పింది.