సైలెన్స్ టీచర్ ఎంచిన పాటలు

ఆ స్కూల్లో లెక్కలు చెప్పే టీచర్‌ని అసలు పేరుతో తలుచుకునే పిల్లలు ఒక్కరూ లేరు. అందరికీ ఆమె సైలెన్స్ టీచరే. క్లాసులో అడుగు పెడుతూనే ఆ ఒక్క మాట అనేది. దాంతో బెంచీలు కిర్రుమనడం కూడా ఆగిపోయేది. ఆ పేరు ఆమె చెవిన పడకపోలేదు, పడినా పట్టించుకోలేదు. యాభై దాటిన మనిషి. ఇంట్లో టీవీ కూడా వార్తలు అయిపోగానే కట్టేసే రకం. అలాంటి మనిషి నెత్తిన స్కూలు ఉత్సవంలో పిల్లల డాన్సులకి హుషారైన ఇంగ్లీషు పాటలు ఎంచే పని వచ్చి పడింది.

మ్యూజిక్ మాస్టారు ఇంటి మెట్ల మీద జారి కాలు విరగ్గొట్టుకున్నాడు. ఆ కబురు తెలిసిన పూటే హెడ్‌మిస్ట్రెస్ లెక్కల టీచర్‌ని తన గదికి పిలిపించింది.

"నాకా మేడం? పాటల్లో నాకు ఓనమాలు కూడా రావు."

"అందుకే మిమ్మల్ని అడుగుతున్నా. పోయినసారి మాస్టారు తనకి నచ్చినవే పెట్టుకున్నాడని సగం మంది అలిగారు. ఏదో పాటలో చెడ్డ మాట ఉందని పిల్లల తల్లులు గోల చేశారు. మీకు నచ్చిన పాటంటూ ఒకటి లేదు కదా! మీ మీద ఎవరూ నోరెత్తరు."

అది పొగడ్తో దెప్పిపొడుపో టీచర్‌కి అంతు పట్టలేదు. సరేనని తలూపి వచ్చేసింది.

మర్నాడు ఎనిమిదో తరగతిలో, మీకు ఏ పాటలు కావాలో చెప్పండర్రా అని అడిగింది. అడగడమే పాపమైంది. క్లాసంతా ఒక్కసారిగా లేచి అరిచింది. వాళ్ళలో అందరినీ వెంటేసుకు తిరిగే పొడుగాటి పిల్ల ఒకతె ఉంది. అందరూ లీడర్ అని పిలుస్తారు. ఆ పిల్ల ముందుకొచ్చి, తలో అరడజను పాటలు చెప్తున్న వాళ్ళందరి నోళ్ళూ మూయించి, తను అనుకున్నవి టీచర్ ఫోన్‌లో తనే వెతికి పెట్టింది.

సాయంత్రం భోజనాల బల్ల దగ్గర కూర్చుని టీచర్ వాటిని విన్నది. ఇనపసామాన్ల కొట్లో అలమారా కూలినట్టు మొదటి పాట మొదలైంది. రెండోదీ అంతే. మూడో దానికీ మొదటి దానికీ తేడా ఏమిటో ఎంత చెవి రిక్కించినా తెలియలేదు. ఆఫీసు నుంచి వచ్చిన కొడుకు గుమ్మంలోనే నిలబడిపోయాడు.

"అమ్మా, నువ్వేనా? ఇంకెవరి ఇంట్లోకైనా వచ్చానా?"

"నవ్వింది చాల్లే గానీ, వీటిల్లో ఏది బాగుందో చెప్పు."

"నన్నడుగుతావేంటి? ఇంట్లో ఆ పని చేసే మనిషి ఉండగా!"

కోడలు ఒక జిమ్‌లో పాటలు పెట్టి ఆడవాళ్ళ చేత కసరత్తులు చేయిస్తుంది. పెళ్ళయి ఏడాది దాటింది. అత్తాకోడళ్ళ మధ్య తగువేమీ లేదు. తగువు పడేంత మాటా మంతీ కూడా లేదు. భోంచేశావా అంటే చేశానండీ అని, పాలు వచ్చాయా అంటే వచ్చాయండీ అని, అంతటితో సరి. టీచర్‌కి కోడలి మీద చిన్నచూపు లేదు గానీ, ఎగరడం కూడా ఉద్యోగమేనా అన్న అనుమానం మాత్రం లోలోపల ఉండేది.

అయినా పని పనే. వంటింట్లో బీన్సు తరుగుతున్న కోడలి దగ్గరికి వెళ్ళి ఫోన్ ముందు పెట్టింది. ఆ పిల్ల రెండు పాటలు విని కత్తి పక్కన పెట్టింది.

"మీరు కూర్చుని వింటున్నారత్తయ్యా. ఇవి కూర్చుని వినేవి కాదు. లేవండి, నడుద్దాం."

"ఎక్కడికి?"

"ఎక్కడికీ కాదు. ఇక్కడ్నించి వీధి తలుపు దాకా."

వంటింటి నుంచి వీధి తలుపు దాకా ఇద్దరూ నడిచారు, తిరిగొచ్చారు, మళ్ళీ నడిచారు. ఒక పాటకి అడుగు దానంతటదే పడింది. ఇంకో పాటకి ఎంత ప్రయత్నించినా కాళ్ళు తడబడ్డాయి. నాలుగోసారి వచ్చేసరికి టీచర్‌కి సంగతి బోధపడింది. గోల కింద దరువు ఒకటి ఉంది. దాన్ని పట్టుకుంటే పాటలు దేనికది విడిపోతున్నాయి. కొడుకు సోఫాలో కాళ్ళు పైకి లాక్కుని దారిచ్చాడు.

అక్కడి నుంచి పేచీలు మొదలయ్యాయి. లీడర్ ప్రాణంగా చూసుకునే పాట కోడలికీ తెగ నచ్చింది. టీచర్ మాత్రం ఒక్కో ముక్కా ఆపి ఆపి విని మొహం చిట్లించింది.

"తెల్లార్లూ తాగి తూలడం గురించి గదమ్మా ఈ పాటంతా!"

"పిల్లలు మాటలు వింటారాండీ? దరువే వింటారు."

"నేను చెప్పే లెక్క తప్ప అన్నీ వింటారు."

కోడలు ఫక్కున నవ్వింది. ఆ పాట పోయింది. బదులుగా, వదిలేసి పోయినవాడు లేకపోయినా నేను దివ్యంగా ఉన్నానని ఒక అమ్మాయి గొంతు చించుకునే పాట వచ్చింది. అందులో అనకూడని మాటేదీ టీచర్‌కి దొరకలేదు.

రెండో పేచీ ఒకటో తరగతి పిల్లల డాన్సు పాట గురించి. కోడలు అన్నిటికంటే జోరుగా పరిగెత్తే పాట చూపించింది.

"వద్దమ్మా. మధ్యకొచ్చేసరికి సగం మంది నిలబడిపోతారు. మిగతా సగం ఒకళ్ళనొకళ్ళు గుద్దుకుంటారు."

"మా క్లాసులో అమ్మమ్మలు కూడా చేస్తారత్తయ్యా దీనికి!"

"అమ్మమ్మలు చెప్పిన మాట వింటారు."

ఈసారి కోడలు వదల్లేదు. ఒకటి తన మాట నెగ్గింది కాబట్టి ఒకటి ఆ పిల్లది నెగ్గనిద్దామని టీచర్ ఊరుకుంది. మర్నాడు లీడర్ తన పాట పోయిందని ముఖం ముడుచుకుని, కొత్త పాట రెండుసార్లు విన్నాక ముఖం విప్పింది.

ఉత్సవం రోజు హాలు కిక్కిరిసింది. ఒకటో తరగతి వాళ్ళు మెరుపు కాగితాల టోపీలు పెట్టుకుని వేదిక మీదికి వచ్చారు. పాట మొదలైన కాసేపు బాగానే గెంతారు. ఆ తర్వాత అక్షరాలా టీచర్ చెప్పినట్టే జరిగింది. రెండు వరసలు కలిసిపోయి ముద్దయ్యాయి. ఒకడు ఆయాసపడుతూ వేదిక మధ్యలో చతికిలబడి బూటు విప్పి అందులో ఏముందో చూసుకున్నాడు. పాట మాత్రం ఆగకుండా పరిగెడుతోంది. జనం పడీ పడీ నవ్వారు, నవ్వుతూనే దరువుకి చప్పట్లు కొట్టారు. వెనక వరసలో కోడలు రెండు చేతుల్తో ముఖం కప్పుకుంది.

లీడర్ బృందం మాత్రం హాలుని ఊపేసింది. చివర్లో పెద్దవాళ్ళు కూడా లేచి నిలబడ్డారు. హెడ్‌మిస్ట్రెస్, "ఫరవాలేదు, బాగానే ఎంచారు," అంది. శబ్దం ఎక్కువైందని ఒక తండ్రి ఫిర్యాదు చేశాడు, మాటల గురించి ఎవరూ చేయలేదు.

ఇంటికి వస్తూ కోడలు, "మీరు చెప్పిందే అయింది," అంది.

"ఎవరూ ఏడవలేదుగా. అది చాలు."

ఆ వచ్చిన ఆదివారం టీచర్ ఎవరూ పిలవకుండానే జిమ్‌కి వెళ్ళి చివరి వరసలో నిలబడింది. కోడలు ఎదురుగా గెంతుతూనే, ఎవరి మోకాలు ఎంతవరకు వంగుతుందో, ఎవరికి నడుం నొప్పో గుర్తు పెట్టుకుని పేరుపేరునా హెచ్చరిస్తోంది. రెండో పాట సగంలో టీచర్‌కి ఎగశ్వాస వచ్చింది. గోడవారగా ఉన్న బల్ల మీద కూలబడి, నీళ్ళు తాగి, మిగిలిన క్లాసంతా కూర్చునే చూసింది.

మళ్ళీ వెళ్ళలేదు. మోకాళ్ళు ఒప్పుకోలేదు. మ్యూజిక్ మాస్టారు కర్ర ఊతంతో తిరిగొచ్చాడు, పాటల పని ఆయన చేతికే వెళ్ళిపోయింది. టీచర్ మళ్ళీ తన సుద్దముక్కల్లో, తన లెక్కల్లో పడింది. రాత్రి భోజనాల దగ్గర మాత్రం ఇప్పుడు మాటలు నడుస్తాయి. ఎక్కువగా తప్పుడు అడుగులేసే వాళ్ళ గురించి, తప్పుడు లెక్కలేసే వాళ్ళ గురించి. కొడుక్కి మధ్యలో దూరడానికి సందు దొరకదు.