దీపాలు పెట్టేలోపు చెప్పాల్సిన కబురు

పాసయ్యాను! ఎవరు కనబడితే వాళ్ళకి ఈ మాటే చెబుతున్నాను. మా ఇంట్లో నాకు ముందు డిగ్రీ చదివినవాళ్ళు ఎవరూ లేరు. అమ్మ చదువు అయిదో క్లాసుతో ఆగింది, నాన్నది అక్కడిదాకా కూడా రాలేదు. నేనేమో పెళ్ళయి సిడ్నీ వచ్చి, ముసలివాళ్ళ ఇళ్ళకు వెళ్ళి సాయం చేసే పని చేసుకుంటూ, ముప్పై దాటాక యూనివర్సిటీలో చేరాను.

ఫలితాలు శుక్రవారం మధ్యాహ్నం వచ్చాయి. క్వేకర్స్ హిల్‌లో మా వంటగదిలో నేను ఎగిరిన ఎగురుకి పొయ్యి మీద పోపు మాడింది. ఊరి నుంచి వచ్చి మా దగ్గరుంటున్న అమ్మ నన్ను వాటేసుకుంది. మరుక్షణమే నా నోరు మూసింది.

“ఎవరికీ చెప్పకే. పట్టా చేతికొచ్చేదాకా గమ్మునుండు. దిష్టి తగులుద్ది.”

“ఆంటీకి చెప్పాలమ్మా. ఇప్పుడే వెళ్ళాలి. పొద్దుగూకేలోపు.”

ఆంటీ అంటే వెస్ట్‌మీడ్‌లో ఒక్కతే ఉండే యూదు పెద్దావిడ. ఎనభై దాటింది, ఒకప్పుడు టీచరు. నేను ఆవిడకు స్నానానికీ వంటకీ సాయం చేస్తే, ఆవిడ నా వ్యాసాల్లో ఇంగ్లీషు దిద్దేది. దిద్దేది తక్కువ, పోట్లాడేది ఎక్కువ.

ఫిలాసఫీలో నేను స్టోయిక్కుల గురించి రాస్తుండేదాన్ని. పూర్వం గ్రీసులో, రోములో ఉన్న తత్వవేత్తలు వాళ్ళు. చావు ఉందని రోజూ తలుచుకోమంటారు. బిడ్డను ముద్దు పెట్టుకునేటప్పుడు కూడా, ఈ బిడ్డ నీ దగ్గర దాచమని ఇచ్చిన సొత్తని గుర్తుంచుకోమంటారు. అప్పుడే ఇవాళ్టి విలువ తెలుస్తుందట, పోయినప్పుడు మనిషి కుంగిపోడట. నాకది తెగ నచ్చింది. ఆంటీకి నచ్చలేదు.

“మంచివాళ్ళేలే. కానీ పెళ్ళికి పిలిస్తే మూల కూర్చుని గడియారం చూసుకునే రకం,” అంది. “చావుని మర్చిపోవద్దు, ఒప్పుకుంటా. చచ్చిపోయే ముందు రోజు తప్పులు దిద్దుకోమని మా పెద్దలూ చెప్పారు. అది ఏ రోజో తెలీదు కాబట్టి ఇవాళే దిద్దుకోవాలి. అంతవరకూ సరే. కానీ ఏడుపొస్తే ఏడవద్దా? మా ఆయన పోతే మా ఆచారం ప్రకారం వారం పాటు ఇంట్లోనే, కింద కూర్చుని ఏడ్చాను. అందరూ వండి తెచ్చి పెట్టారు. వారం తీరాక లేచి, వీధి చుట్టూ ఒకసారి నడిచొచ్చి, టీ పెట్టుకున్నా. మీ స్టోయిక్కులకి టీ పెట్టడం వచ్చా?”

ఆ ఆచారం కూడా వ్యాసంలో పెట్టాను. టీ మాత్రం పెట్టలేదు.

ఆ ఆంటీకి సోమవారం గుండె ఆపరేషన్. శుక్రవారం పొద్దుగూకే ముందు దీపాలు వెలిగించిందంటే వాళ్ళ విశ్రాంతి రోజు సబ్బాతు మొదలైనట్టే; శనివారం చీకటి పడేదాకా ఆవిడ ఫోన్ గానీ కరెంటు స్విచ్చు గానీ ముట్టదు. శనివారం రాత్రి చెప్పొచ్చుగా అంటే, చెప్పొచ్చు. కానీ రేపటిని చేతిలో ఉన్నట్టు లెక్కేసుకోవద్దని సెమిస్టరు పొడుగునా రాసింది నేనేగా!

“పట్టా ఇచ్చేది ఎప్పుడో అక్టోబర్లోనమ్మా. అప్పటికి ఆవిడ…”

“ఛ, నోర్ముయ్! అలాంటి మాటలు అనకూడదు. తథాస్తు దేవతలుంటారు.”

అమ్మ పొయ్యి కట్టేసింది. తర్వాత గదిలోకెళ్ళి, పట్టా పుచ్చుకునే రోజు కట్టుకోవాలని సూట్‌కేసు అడుగున దాచిన ఎర్ర పట్టుచీర తెచ్చి నా చేతిలో పెట్టింది.

“కట్టుకో. ఆవిడ చూడొద్దూ? నేనూ వస్తా పద.”

జూలై చలి. అయిదింటికే చీకటి పడిపోతుంది. పట్టుచీర మీద లావుపాటి చలికోటు, కాళ్ళకు జాగింగ్ బూట్లు వేసుకుని ట్రైన్లో కూర్చున్నాను. ప్రతి స్టేషన్‌లోనూ అమ్మ కిటికీలోంచి ఆకాశం చూసి, “ఉందే, ఇంకా వెలుతురుందే,” అంటూనే ఉంది.

ఆంటీ చేతిలో అగ్గిపెట్టెతో తలుపు తీసింది.

“పాసయ్యాను ఆంటీ!”

ఆవిడ నన్ను చూసింది, చీర చూసింది. కళ్ళు మూసుకుని హీబ్రూలో మెల్లగా ఏదో చదివింది. మమ్మల్ని బతికించి ఈ ఘడియ దాకా చేర్చావని దేవుడికి చెప్పుకునే మాట అది. ఏడాదిలో మొదటిసారి ఓ పండు తిన్నా, కొత్త బట్ట కట్టినా చదువుతారని వ్యాసంలో నేనే రాశాను. నా కబురు విని కూడా చదువుతారని మాత్రం నాకు తెలీదు.

చదవడం అయిపోగానే భుజం మీదుగా థూ థూ థూ అంది.

“ఓసినీ! ఈవిడా మనలాగే దిష్టి తీస్తుందే!” అంటూ అమ్మ సంచీలోంచి ఉప్పూ ఎండు మిరపకాయలూ తీసింది. నా చుట్టూ తిప్పేసి స్టవ్ వైపు నడిచింది.

“అమ్మా, వద్దే! స్మోక్ అలారం మోగుద్ది. దీపాలు పెట్టాక ఆవిడ దాన్ని ఆపకూడదు కూడా!”

అమ్మ మిరపకాయలు మళ్ళీ సంచీలో వేసుకుని, ఆంటీ చెయ్యి పట్టుకుంది. “నిండు నూరేళ్ళు చల్లగా ఉండండమ్మా.”

నేను ఇంగ్లీషులో చెప్పాను.

“నూరేనా? మా వాళ్ళు నూట ఇరవై అని దీవిస్తారు. తగ్గించొద్దని చెప్పు మీ అమ్మకి.”

“అయితే ఇంకేం, బోల్డు టైముంది!” అంది అమ్మ. “ఆపరేషన్ చేయించేసుకుని పట్టా రోజుకి వచ్చెయ్యమను. ఆవిడకీ పట్టుచీర నేనే కడతా.”

ఆంటీ అగ్గిపుల్ల గీసింది. “ఏ రంగు చీరో మీ అమ్మని ముందే అడుగు,” అంది.