అత్తయ్యగారి ఎడమచేతి చాక్లెట్టు

మొన్న ఆదివారం సాయంత్రం మా పైవాటాలో కొత్తగా అద్దెకు దిగిన అమ్మాయి మెట్లు దిగి వచ్చింది. చేతిలో ఉన్న స్టీలు పళ్ళెం మీద మూత తీసి, "ఆంటీ, మైక్రోవేవ్‌లో చాక్లెట్ ఫడ్జ్ చేశానండి, ఎలా ఉందో చెప్పరూ" అంది. నల్లగా నిగనిగలాడుతూ, స్కేలు పెట్టి కోసినట్టున్న చదరపు ముక్కలు. షుగరు మనిషివి, నీకెందుకన్నట్టు మావారు గుర్రుగా చూస్తున్నా లెక్కచేయకుండా ఒకటి నోట్లో వేసుకున్నాను. బాగుంది. మొహమాటానికి కాదు, నిజంగానే బాగుంది. "బాగుందమ్మా" అంటూ రెండోది తీసుకునేసరికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ పిల్ల కంగారుపడిపోయింది. చాక్లెట్టు తిని ఏడ్చే పెద్దావిణ్ణి చూడటం దానికి అదే మొదటిసారి అయి ఉంటుంది. గుమ్మంలో నిలబడి చెప్పుకునే సంగతి కాదు గనక, ఏదో నలక పడిందని చెప్పి పంపేశాను. ఇదిగో, ఇప్పుడు తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను.

మా అత్తవారిది గణపవరం అవతల, కొల్లేటి వైపు పల్లె. చుట్టూ చేపల చెరువులు, మధ్యలో కాస్త వరి, ఊరి చివర తెల్లసున్నం కొట్టిన మా గుడి. మేము చర్చిని గుడి అనే అంటాం. సార్వా వరి కోతలు అయ్యాక ఏటా ఆ గుళ్ళో కోత పండుగ చేస్తారు. ఎవరింట పండింది వాళ్ళు దేవుడికి తెచ్చుకోవడమే ఆ పండుగ. ధాన్యం బస్తాలు, గుమ్మడికాయలు, అరటిగెలలు, బాతుగుడ్లు, కాళ్ళు కట్టేసిన కోడిపుంజు, బకెట్టు నీళ్ళలో బతికున్న కొర్రమేను, ఏమీ పండనివాళ్ళు ఇంట్లో చేసిన పిండివంట. ఆరాధన అయ్యాక గుడి ముందు పందిట్లో వాటన్నిటికీ వేలంపాట పెడతారు. పాడుకున్నవాళ్ళలో చాలామంది డబ్బు కట్టేసి, "మళ్ళీ పాట పెట్టండి" అని సరుకు తిరిగి ఇచ్చేస్తారు. అది అక్కడి మర్యాద. అలా ఒక గుమ్మడికాయే పందిరంతా తిరిగి వస్తుంది. ఒక ఏడు కొర్రమేను బకెట్టులోంచి ఎగిరి పాస్టరు అయ్యగారి తెల్లబట్టల మీద పడింది. ఆ పూట ఆయన చెప్పిన వాక్యం ఎవరికి గుర్తుందో తెలియదు గానీ కొర్రమేను మాత్రం ఊరందరికీ గుర్తుంది.

నేను కాపురానికి వచ్చిన దగ్గర్నుంచి ఆ కానుకల బల్ల మీద మా అత్తయ్యగారి మైసూర్ పాక్ లేని కోత పండుగ చూడలేదు. దాని పక్కనే ఆవిడ తోటికోడలి సున్నుండలు ఉండేవి. ఆ రెండు పళ్ళేలకీ మధ్య ఉన్న పోటీ ఊరందరికీ తెలుసు. ఎదురుపడితే "అక్కా" అంటే "చెల్లాయ్" అనుకునేవారు గానీ, ఒకరి పళ్ళెం ఇంకొకరు పాడుకున్న పాపాన పోలేదు. ఇక వంటింట్లో అత్తయ్యగారి దర్బారు సంగతి ఏం చెప్పమంటారు! తను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు. పాకం చూడటానికి ఇంకొకర్ని దగ్గరికి రానిచ్చేవారు కాదు. గరిటె అంచున ఉన్న పాకాన్ని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య తీసుకుని, కళ్ళు మూసుకుని సాగదీసేవారు. "ఇది కళ్ళతో చూసేది కాదమ్మాయ్, వేళ్ళకి తెలియాలి" అనేవారు. అన్నేళ్ళ కాపురంలో నాకు దక్కిన ఉద్యోగం శనగపిండి జల్లించడం. బడిలో అరవైమంది పిల్లల్ని కంటిచూపుతో కూర్చోబెట్టే టీచర్ని పండక్కి అత్తారింటికొస్తే జల్లెడ పట్టుకుని నిలబడేదాన్ని.

అటువంటి మనిషికి ఒక వానాకాలంలో పక్షవాతం వచ్చింది. మేముండే ఏలూరు తీసుకొచ్చి వైద్యం చేయించి, మా దగ్గరే ఉంచుకున్నాం. కొన్నాళ్ళకి మాట తిరిగొచ్చింది, కర్ర పట్టుకుని నడక వచ్చింది, కోపం అయితే అన్నిటికంటే ముందే వచ్చేసింది. కుడిచెయ్యి మాత్రం రాలేదు. దాన్ని ఒళ్ళో పెట్టుకుని, పొరుగింటి పిల్లని ఎత్తుకున్నట్టు పరాయిగా చూసుకుంటూ కూర్చునేవారు.

కోత పండుగ దగ్గరపడుతుంటే ఒకరోజు మైసూర్ పాక్‌కి సామాను తెప్పించమన్నారు. కలపడం నన్ను కలపమన్నారు. పొయ్యి పక్కన కుర్చీ వేయించుకుని, పాకం చూడటానికి మాత్రం తన కుడిచేతిని ఎడమచేత్తో ఎత్తి గరిటె దగ్గరికి తెచ్చుకున్నారు. వేళ్ళు రుద్దారు. మళ్ళీ రుద్దారు. ఆ తర్వాత నా మొహంలోకి చూసి, "తీగ వచ్చిందంటావా?" అని అడిగారు. ఆవిడ నన్ను వంట గురించి ఏదైనా అడగడం అదే మొదటిసారి. నాకేం తెలుసు నా తలకాయ? వచ్చిందండీ అన్నాను. చల్లారాక చూస్తే పళ్ళెంలో ఉన్నది మైసూర్ పాక్ కాదు, గచ్చు. వాతావరణం తేలిక చేద్దామని మావారు "దీంతో ప్రహరీ కట్టుకోవచ్చే" అన్నారు. ఎవ్వరం నవ్వలేదు.

"ఈ ఏడు నేను గుడికి రాను" అన్నారు అత్తయ్యగారు. "ఒట్టిచేతులతో ఆయన ముందుకి ఎప్పుడూ వెళ్ళలేదు."

వన్‌టౌన్ మిఠాయి కొట్లో కొని పట్టుకెళ్దాం అన్నాను. నేను చేసి మీ పేరు చెబుతానన్నాను. "నా చెయ్యి పడని పళ్ళెం నాదెలా అవుతుందమ్మాయ్?" అని గోడవైపు తిరిగి పడుకున్నారు. ఆ రోజు నుంచి అన్నం సగం వదిలేయడం, మందులకి బతిమాలించుకోవడం, ఎవరైనా చూడటానికి వస్తే కళ్ళు మూసుకోవడం. నాకు భయం వేసింది. ఈ పండుగకి గనక లేవకపోతే ఈ మనిషి ఇక దేనికీ లేవదు అనిపించింది. అన్నేళ్ళు నన్ను జల్లెడ దగ్గర నిలబెట్టిన మనిషి కోసం అంతగా విలవిల్లాడతానని నేనూ అనుకోలేదు.

తాడేపల్లిగూడెంలో ఉన్న మా అమ్మాయికి ఫోన్ చేసి ఏడ్చాను. అది అంతా విని, "ఇంట్లో మైక్రోవేవ్ ఉందిగా అమ్మా. కండెన్స్‌డ్ మిల్క్, చాక్లెట్టు, కాస్త వెన్న. పాకం లేదు, పొయ్యి దగ్గర నిలబడేది లేదు. నాయనమ్మ ఎడమచేత్తోనే చేసేస్తుంది" అంది. మావారు ముచ్చటపడి కొన్న ఆ పెట్టెలో అప్పటిదాకా మేము చల్లారిన కాఫీ తప్ప ఏదీ పెట్టి ఎరగం. బేకరీ సామాను కొట్టుకి వెళ్ళి చాక్లెట్టు దిమ్మ, పాలడబ్బా తెచ్చాను.

ఒప్పించడానికి నా తల ప్రాణం తోకకొచ్చింది. "నిప్పు లేకుండా వంటేవిటి, బొమ్మలాటా?" అన్నారు. "ఎడమచేత్తో చేసింది దేవుడికి పెడతారా ఎవరైనా?" అన్నారు. "మీ కుడిచెయ్యి పనిచేయట్లేదని ఆయనకి తెలీదా ఏవిటండీ? ఎవరి మీద మీకీ అలక?" అని కసిరాను. అత్తగారిని కసరడం నాకు అలవాటు లేదు. ఆవిడ ఒక్క క్షణం నన్ను ఎగాదిగా చూసి, "కుర్చీ లాగు" అన్నారు.

చాక్లెట్టు విరవడం నా పని. గాజుగిన్నెలో వెయ్యడం, పాలడబ్బా వంచడం, వెన్న జార్చడం ఆవిడ పని. సగం పాలు బల్ల మీద పోయాయి, పోనీండి. "యాలకులేవి?" అన్నారు. దీంట్లో యాలకులు వెయ్యరండీ అన్నాను. "వెయ్యనివాళ్ళ సంగతి మనకెందుకు?" అని వేయించారు. గిన్నె లోపల పెట్టి, బటన్ చూపించాను. ఆవిడ చూపుడువేలు చాచి, తేలుని తాకినట్టు తాకారు. పెట్టె గుర్రుమంది. కాసేపటికి టింగుమని ఆగింది. తీసి కలిపిస్తే చాక్లెట్టు చక్కగా కరిగింది. అయిపోయిందండీ, పళ్ళెంలో పోసెయ్యడమే అన్నాను.

"అయిపోవడమేవిటి?" అన్నారు నమ్మలేక. సరిగ్గా అప్పుడే వీధిలో గ్యాస్ బండ అబ్బాయి పిలిస్తే వెళ్ళాను. వచ్చేసరికి పెట్టె మళ్ళీ గుర్రుమంటోంది. పాలు పోసిన వంట ఇంత తొందరగా అయితే లోపల పచ్చిగానే ఉంటుందని అత్తయ్యగారికి అనుమానం. తనే గిన్నె తోసి, తలుపు వేసి, నాలుగైదుసార్లు నొక్కేశారట. తీసి చూద్దును కదా, చాక్లెట్టు విరిగి ముద్దముద్దలైంది, దాని చుట్టూ నూనె తేలింది. ఈసారీ పోయిందని, ఇక ఈవిడ మళ్ళీ గోడవైపు తిరగడమేనని కుర్చీలో కూలబడ్డాను.

అత్తయ్యగారు మాత్రం గిన్నెలోకి వంగి చూసి, "కోవా విరిగినట్టే విరిగింది. పాలు గోరువెచ్చగా చేసి పట్రా, నిలబడతావేం?" అన్నారు. పాత గొంతు! ఎన్నాళ్ళకి విన్నానో ఆ గొంతు. పరుగున తెచ్చాను. నేను గిన్నె పట్టుకుంటే, ఆవిడ ఎడమచేత్తో గరిటె పట్టి, చెంచాడు చెంచాడుగా పాలు పోయించుకుంటూ కలిపారు. మొదట గరిటె అటూ ఇటూ కొట్టుకుంది. నా చీరంతా చాక్లెట్టయింది. మెల్లగా నూనె లోపలికి తీసుకుంది, ముద్ద దగ్గరపడింది, చివరికి నల్లగా మెరుస్తూ గరిటెకి పట్టుకుంది. నెయ్యి రాసిన పళ్ళెంలోకి వంపాము. ఆరాక తనే కత్తి పట్టి కోశారు. ముక్కలు ఒకటి కోలగా, ఒకటి మూడుమూలలుగా వచ్చాయి. సరిచేద్దామని నేను కత్తి అందుకోబోతే, "ఉండనీ. నేనే కోశానని తెలియాలి" అన్నారు.

పండుగనాడు మావారు చేపలు ప్యాక్ చేసే థర్మోకోల్ పెట్టె ఒకటి సంపాదించి, అందులో పళ్ళెం పెట్టి తెచ్చారు. "కొత్తదేనే అమ్మా!" అని ఆయన ప్రమాణాలు చేస్తున్నా ఆవిడ దారంతా దాన్ని వాసన చూస్తూనే ఉన్నారు.

పందిట్లో మా పళ్ళెం వంతు వచ్చింది. పాట పాడించే సంఘపెద్ద అలవాటుకొద్దీ "మైసూర్ పాక్ అండీ" అనేసి, నల్లటి ముక్కలు చూసి ఆగిపోయారు. అత్తయ్యగారు కర్ర ఊతం చేసుకుని లేచి నిలబడ్డారు. "మైసూర్ పాక్ కాదండీ, చాక్లెట్టు. కుడిచెయ్యి లేదు, ఎడమచేత్తో చేశాను. ఇష్టమైనవాళ్ళు పాడుకోండి" అన్నారు. ఎవరూ పాట ఎత్తరే! ఆవిడ కర్రని ఇంకాస్త గట్టిగా పట్టుకోవడం పక్కనే కూర్చున్న నాకు కనిపిస్తోంది. ఎందుకు తీసుకొచ్చానురా దేవుడా అనుకున్నాను.

అవతలి వరసలోంచి ఆవిడ తోటికోడలు, మా చిన్నత్తయ్యగారు, లేచారు. తిన్నగా బల్ల దగ్గరికి వెళ్ళి, పాట కాకముందే ఒక ముక్క తీసి నోట్లో పెట్టుకున్నారు. పాడుకోకుండా కానుక ముట్టుకోకూడదు, అది అందరికీ తెలుసు. ఆవిడ నిదానంగా నమిలి, మింగి, కొంగుతో మూతి తుడుచుకుని, "ఇది మా అక్క చెయ్యేనండీ. పాట నాది" అన్నారు. అంతే, పందిరి కదిలింది. ఆ మూలనుంచి ఒకరు, ఈ మూలనుంచి ఒకరు పాట పెంచారు, చిన్నత్తయ్యగారు ఎవర్నీ నిలవనివ్వలేదు. పాట ముగిశాక సంఘపెద్ద "మళ్ళీ పాట పెట్టమంటారాండీ?" అని అడిగితే, "పెట్టను. ఇది మా ఇంటికే" అని పళ్ళెం చంకలో పెట్టుకుని వచ్చి, అత్తయ్యగారి పక్కన కూర్చున్నారు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. చిన్నత్తయ్యగారు మాత్రం స్పర్శలేని ఆ కుడిచేతిని తన ఒళ్ళోకి తీసుకుని, పండుగ అయ్యేదాకా వదల్లేదు.

తిరుగు ప్రయాణంలో కారు ఉంగుటూరు దాటాక, నిద్రపోయారనుకున్న అత్తయ్యగారు కళ్ళు తెరవకుండానే, "అమ్మాయ్, వచ్చే ఏడు రెండు పళ్ళేలు చేద్దాం. ఒకదాంట్లో జీడిపప్పు వేయిద్దాం" అన్నారు. అలాగేనే అమ్మా అని నాకంటే ముందే మావారు అన్నారు, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా.

ఆ వచ్చే ఏడు వచ్చింది. ఆ పై ఏడూ వచ్చింది. ఆ తర్వాతది ఆవిడకి రాలేదు. మనిషికి ఎంత కాలం రాసి ఉందో నాకు తెలియదు గానీ, "వచ్చే ఏడు" అని మనసారా అనగలిగినంత కాలమే ఆవిడ బతికారని, అదంతా నిండుగా బతికారని మాత్రం నాకు తెలుసు.